బంగారం ఐఆర్‌ఏ: భద్రపరిచే ఫీజులో ఏది చవక?

ప్రశ్న: మేం టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. నాకు 52 ఏళ్లు. పాత కంపెనీ రిటైర్మెంట్ ఖాతా 401(కె)లో ఉన్న 60,000 డాలర్లను బంగారం ఐఆర్‌ఏలోకి (అసలు బంగారం కొని ఉంచే సొంత రిటైర్మెంట్ ఖాతా) మార్చాలనుకుంటున్నాను. ఒక కంపెనీ కస్టోడియన్ (ఖాతా నిర్వహించే సంస్థ) ఫీజు ఏటా 100 డాలర్లు, బంగారాన్ని విడిగా భద్రపరచడానికి 150 డాలర్లు అంటోంది. ఇంకో కంపెనీ కస్టోడియన్‌కు 80 డాలర్లు, భద్రపరచడానికి బంగారం విలువలో 0.5 శాతం, మొదటి ఏడాది అది కూడా ఉచితం అంటోంది. ఏది చవక? అసలు ఆ బంగారం మా ఇంటి లాకర్‌లోనే పెట్టుకోకూడదా?

జవాబు: ముందు లాకర్ సంగతి చెప్తాను, అక్కడ తేడా వస్తే మిగతా లెక్కలకు అర్థమే ఉండదు. పెట్టుకోకూడదండి. ఐఆర్‌ఏ బంగారం బ్యాంకు లేదా అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ అనుమతి ఉన్న ట్రస్టీ అధీనంలోనే ఉండాలి. ఎల్ఎల్‌సీ (ఒక రకం చిన్న కంపెనీ) పెట్టి, ఐఆర్‌ఏ డబ్బుతో కొన్న అమెరికన్ ఈగల్ నాణేలను ఇంట్లో ఉంచుకున్న కేసులో 2021లో అమెరికా టాక్స్ కోర్టు, ఆ డబ్బు విత్‌డ్రా చేసుకున్నట్టేనని తీర్పు ఇచ్చింది. మీ వయసులో అలా జరిగితే ఆదాయ పన్ను, దానికి తోడు ఆ డబ్బులో 10 శాతం పెనాల్టీ పడతాయి. "ఇంట్లోనే పెట్టుకోవచ్చు" అని ఎవరైనా ప్రకటన ఇస్తే ఆ కంపెనీ జోలికే వెళ్లకండి.

ఇక ఫీజులు. మొదటి కంపెనీకి మీరు ఏటా 250 డాలర్లు కడతారు. రెండోదానికి 80, దానిపై 60,000లో 0.5 శాతం అంటే 300, మొత్తం 380. ఉచితం వల్ల మొదటి ఏడాది మీకు 170 డాలర్లు మిగిలినా, తర్వాత ఏటా 130 ఎక్కువ కడుతుంటే మూడో ఏడాదికల్లా ఆ లాభం పోతుంది. అంతకంటే ముఖ్యమైన విషయం, బంగారం ధర పెరిగితే శాతం ఫీజు కూడా పెరుగుతుంది. మీ బంగారం విలువ 1,20,000 అయిందనుకోండి. మొదటి కంపెనీకి అదే 250, రెండోదానికి 680. అదే బంగారం, దానికి పట్టే చోటు కూడా అంతే, మరి ఫీజు ఎందుకు పెరగాలి? ఖాతాలో 34,000 డాలర్ల కంటే తక్కువ ఉన్నవాళ్లకు మాత్రం రెండోదే చవక. మీకు మొదటిదే మేలు.

అందులోనూ కాస్త తగ్గించుకోవచ్చు. "విడిగా" అంటే మీ నాణేలు, కడ్డీలు మీ పేరుతో వేరుగా ఉంటాయి. "కలిపి" అంటే తీసుకునేటప్పుడు అదే రకం, అదే బరువు ఇస్తారు, సరిగ్గా అవే నాణేలు కాకపోవచ్చు. మామూలు ఈగల్ నాణేలకు, కడ్డీలకు దీంతో నష్టమేమీ లేదు. కలిపి ఉంచితే ఫీజు ఎంతో అడగండి.

అయితే మీరు ఇంత శ్రద్ధగా పోల్చిన ఈ ఫీజు కంటే పెద్ద ఖర్చు ఇంకోటి ఉంది, మీ ప్రశ్నలో దాని ఊసే లేదు. డీలర్ మార్కెట్ ధర మీద ఎంత ఎక్కువకు అమ్ముతున్నాడు? 5 శాతం ఎక్కువైతే 60,000లో దాదాపు 2,850 డాలర్లు మొదటి రోజే పోయినట్టు. అది మొదటి కంపెనీకి పదకొండేళ్ల ఫీజుతో సమానం! "అరుదైన", "ప్రూఫ్" (సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా ముద్రించిన) నాణేలంటూ అంటగడితే తేడా ఇంకా ఎక్కువ. కొనే ధర, అదే రోజు తిరిగి అమ్మితే ఇచ్చే ధర, ఖాతా మూసేటప్పుడు ఫీజు, ఇవన్నీ ఈమెయిల్‌లో తెప్పించుకోండి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి తీసుకోవద్దు.

నన్నడిగితే, బంగారమే చేతికి రావాలన్న పట్టుదల లేకపోతే మామూలు ఐఆర్‌ఏలో బంగారం ఈటీఎఫ్ (బంగారం ధరను బట్టి నడిచే, షేర్లలా కొని అమ్మే ఫండ్) కొనుక్కోమంటాను. అలాంటి ఈటీఎఫ్ జీఎల్‌డీఎం ఫీజు 0.10 శాతం, మీ 60,000 మీద ఏటా 60 డాలర్లు. బంగారానికి వేరే కస్టోడియన్, దాన్ని దాచే డిపాజిటరీ టెన్షన్ ఉండదు, 73 ఏళ్లు (మీ వయసువాళ్లకు 75) దాటినవాళ్లు ఏటా తప్పనిసరిగా తీసుకోవాల్సిన డబ్బు కోసం కావలసినన్ని యూనిట్లే అమ్ముకోవచ్చు. నాణేలైతే అంత సులువు కాదు.

నాణేలే కావాలనుకుంటే ఏటా ఫీజును బయటి నుంచి కట్టనిస్తారా అని కస్టోడియన్‌ను అడగండి. లేదంటే ఖాతాలో కాస్త నగదు ఉంచాలి, లేకపోతే ఫీజు కోసం బంగారం అమ్మాల్సి వస్తుంది. 401(కె) డబ్బు మాత్రం నేరుగా కొత్త కస్టోడియన్‌కే వెళ్లాలి. చెక్కు మీ పేరున వస్తే 20 శాతం పన్ను కింద పట్టుకుంటారు, ఆ లోటు కూడా మీ జేబులోంచి వేసి 60 రోజుల్లో మొత్తం జమ చేయాలి.