బయోకెమిస్ట్రీ కోసం అంత అప్పు చెయ్యొచ్చా?

ప్రశ్న: నాకు బయోకెమిస్ట్రీ అంటే ప్రాణం, సీటు కూడా వచ్చింది, కానీ ఫీజు మొత్తం లోన్ మీదే కట్టాలి. మొదట్లో జీతాలు తక్కువని అందరూ భయపెడుతున్నారు. చేరమంటారా?

జవాబు: అంత ఇష్టం ఉన్నప్పుడు నేను వద్దనను, కానీ చేరేముందు ఒక లెక్క వేసుకోండి. మొత్తం అప్పు మీకు రాబోయే మొదటి ఏడాది జీతం దాటకూడదు. సరిగ్గా అంతే తీసుకుని 10% వడ్డీకి 10 ఏళ్లలో తీరుద్దామనుకుంటే నెలనెలా జీతంలో దాదాపు 16% ఈఎంఐకే పోతుంది, అప్పు రెట్టింపైతే 32%, ఇక అద్దె, తిండి పోను చేతిలో ఏం మిగులుతుంది చెప్పండి. పైగా చాలా లోన్లకి చదివే రోజుల్లోనే వడ్డీ పడుతూ ఉంటుంది, ఏమీ కట్టకుండా వదిలేస్తే 10% చక్రవడ్డీతో 100 కాస్తా 4 ఏళ్లకి 146 అవుతుంది.

ఉత్త డిగ్రీతో మొదట దొరికేవి ఎక్కువగా ల్యాబ్ టెక్నీషియన్, క్వాలిటీ కంట్రోల్ లాంటి ఉద్యోగాలే. సొంతంగా రీసెర్చ్ నడపాలంటే మామూలుగా పీహెచ్‌డీ దాకా వెళ్లాలి, దానికి చాలాచోట్ల స్టైపెండ్ ఇస్తారు కాబట్టి కొత్త అప్పు అక్కర్లేకపోవచ్చు, కానీ పాత లోన్ ఈఎంఐ ఆ ఏళ్లలో ఆగుతుందా లేదా అన్నది సంతకం పెట్టకముందే అడగండి, దయచేసి ఇది మాత్రం మర్చిపోవద్దు.

ఇదే కోర్సు ఫీజు తక్కువున్న కాలేజీలో దొరికితే నేనైతే అక్కడే చేరమంటాను, పీసీఆర్ (డీఎన్‌ఏకి కాపీలు తీసే పద్ధతి), హెచ్‌పీఎల్‌సీ (మిశ్రమంలో ఉన్నవాటిని విడదీసి కొలిచే పద్ధతి) లాంటివి మీ చేత్తో చేయనిచ్చే ల్యాబ్ ఉందో లేదో మాత్రం చూసుకోండి.