నికర విలువ 8 కోట్ల యూరోలే అయినా ఫండ్ 10 కోట్ల పరిమితి దాటిందంటున్నారు, ఎందుకు?

అనెక్స్-4 రిపోర్టు (ఫండ్ మేనేజర్లు యూరప్‌లోని రెగ్యులేటర్లకు ఇచ్చే నివేదిక) పని కొత్తగా చేపట్టినవాళ్లకు ఎక్కువగా వచ్చే చిక్కు ఇదే. 2011 నాటి ఏఐఎఫ్ఎండీ (హెడ్జ్ ఫండ్లు, ప్రైవేట్ ఈక్విటీ లాంటి ఫండ్ల మేనేజర్లపై యూరోపియన్ యూనియన్ చట్టం) చూసేది నికర విలువను కాదు, మేనేజర్ చేతిలో ఉన్న ఫండ్లన్నింటి మొత్తం ఆస్తులను. అప్పులు తీసివేయకూడదు, డెరివేటివ్స్‌ను (ఫ్యూచర్స్, ఫార్వర్డ్స్ లాంటి, వేరే ఆస్తి ధరపై ఆధారపడే ఒప్పందాలను) పూర్తి విలువతో కలపాలి. లీవరేజ్ (అప్పుతోనో డెరివేటివ్స్‌తోనో సొంత సొమ్ముకు మించి పెట్టుబడి) వాడే ఫండ్లుంటే, చట్టంలోని పూర్తి నియమాలు వర్తించే పరిమితి 10 కోట్ల యూరోలు. లీవరేజ్ లేకుండా, అయిదేళ్లదాకా డబ్బు వెనక్కి తీసుకునే వీలు లేని ఫండ్లయితే 50 కోట్లు.

మీ ఫండ్‌లో షేర్లు 8 కోట్లు, ఇండెక్స్ ఫ్యూచర్స్ 4 కోట్లు, డాలర్ షేర్లకు రక్షణగా కరెన్సీ ఫార్వర్డ్స్ 6 కోట్లు ఉన్నాయనుకోండి. అన్నీ కలిపితే 18 కోట్లు. ఫ్యూచర్స్‌కు కట్టిన మార్జిన్ (ముందస్తు హామీ సొమ్ము) మాత్రమే వేయడం మామూలుగా జరిగే తప్పు. కాంట్రాక్టుల సంఖ్యను ఒక్కో పాయింటు విలువతో, ఇండెక్స్ స్థాయితో గుణించాలి.

లీవరేజ్‌కు రెండు అంకెలు అడగడం కూడా ఇందుకే. అన్నీ కలిపే గ్రాస్ పద్ధతిలో 18ని నికర విలువ 8తో భాగిస్తే 225 శాతం. కమిట్‌మెంట్ పద్ధతిలో నష్టం రాకుండా రక్షణగా పెట్టుకున్నవి (హెడ్జింగ్) లెక్కలోంచి పోతాయి, అంటే 6 కోట్ల కరెన్సీ ఫార్వర్డ్స్ తీసేస్తారు కాబట్టి 12ని 8తో భాగిస్తే 150 శాతం. ఈ రెండో అంకె 300 దాటితే రెగ్యులేటర్‌కు అదనపు వివరాలివ్వాలి. అయితే ఒక కంపెనీ షేరు కొని, అదే రంగంలోని మరో కంపెనీ షేరును షార్ట్ చేసి (ధర పడితే లాభం వచ్చేలా అరువు తెచ్చి అమ్మి) దాన్ని హెడ్జింగ్ అని రాయకండి. లాభం కోసం చేసేది ఇందులో హెడ్జింగ్ కిందకు రాదు. యూరోల్లోకి మార్చడానికి యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ (ఈసీబీ) రేటు వాడాలి. గడువు రిపోర్టు కాలం ముగిశాక నెల రోజులు. ఇతర ఫండ్లలో పెట్టుబడి పెట్టే ఫండ్ ఆఫ్ ఫండ్స్‌కు ఇంకో 15 రోజులు.

లిస్ట్ కాని కంపెనీలను కొనే ప్రైవేట్ ఈక్విటీ ఫండ్ల తీరు వేరు. లిస్ట్ కాని (స్టాక్ ఎక్స్ఛేంజీలో లేని) కంపెనీలో ఓటింగ్ హక్కు 10, 20, 30, 50, 75 శాతాలను ఎటువైపు దాటినా 10 పనిదినాల్లో రెగ్యులేటర్‌కు తెలపాలి. సగానికి మించి వాటా వస్తే తొలి 24 నెలలు కంపెనీ సొమ్మును డివిడెండ్లుగా ఊడ్చేయకుండా ఆంక్షలుంటాయి. 250 మంది కన్నా తక్కువ ఉద్యోగులున్న చిన్న, మధ్యతరహా సంస్థలకు ఇవి వర్తించవు.

నా దృష్టిలో చట్టంలోని పెద్ద లోటు ఇక్కడే ఉంది. కొన్న కంపెనీ నెత్తిన పెట్టిన అప్పు, దానికి ఫండ్ బాధ్యత వహించనంతవరకు, ఫండ్ లీవరేజ్ లెక్కలోకి రాదు. రిపోర్టులో లీవరేజ్ కనబడదు, ఆ అప్పుకు వడ్డీ మాత్రం కంపెనీయే కట్టుకుంటుంది.