వేరుశనగకు పసుపుపచ్చ బూజు: దులిపితే విషం పోదు

ప్రశ్న: మాది ఐరాల మండలం. మూడెకరాల మెట్టలో వేరుశనగ వేశాము. కాయ ఊరే సమయంలో నెల రోజులు వాన లేదు. తీరా పెరికి కుప్ప వేశాక రెండు రోజులు పడింది. ఇప్పుడు కాయ వలిస్తే అక్కడక్కడా గింజల మీద పసుపుపచ్చ బూజు ఉంది. ఎండబెట్టి, బూజు దులిపి గానుగ ఆడిస్తే నూనె వాడుకోవచ్చా? నూనె తీశాక మిగిలే చెక్క ఆవులకు పెట్టవచ్చా? కొంత కాయ విత్తనానికి ఉంచుకోవచ్చా?
– ఒక రైతు, చిత్తూరు జిల్లా

జవాబు: ముందు చెక్క సంగతి. బూజు గింజలు కలిసిన చెక్కను ఆవులకు పెట్టకండి. ఇప్పటికే పెడుతుంటే ఈ పూటే ఆపేయండి.

మీరు చూస్తున్నది ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే శిలీంధ్రం. మన మెట్ట నేలల్లో, పాత పంట చెత్త మీద ఎప్పుడూ ఉండేదే. గింజలోకి చేరితే అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. బూజు పైన కనిపిస్తుంది, విషం గింజ లోపలికి దిగి ఉంటుంది. అందుకే దులిపినా, ఎండబెట్టినా, వేయించినా పూర్తిగా పోదు. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోతే, కారణం వెతుకుతూ వెళ్లినవారు చివరికి చేరింది వాటి దాణాలో కలిపిన వేరుశనగ చెక్క దగ్గరికే. ఈ విషం బయటపడింది అలాగే.

ఆవు తిన్న విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మేత తగ్గుతుంది, పాలు తగ్గుతాయి, దూడలు ఇంకా త్వరగా నీరసిస్తాయి. అంతకంటే నాకు భయం పాల గురించి. తిన్న విషంలో కొద్ది భాగం రూపం మార్చుకుని ఒకటి రెండు రోజుల్లోనే పాలలోకి వస్తుంది, కాచినా పోదు. ఆ పాలు పాల కేంద్రానికీ పోతాయి, మీ ఇంట్లో పిల్లలకూ పోస్తారు. మనుషుల్లో ఇది కాలేయ క్యాన్సర్‌కు కారణమని రుజువైంది. చెక్క ఆపేస్తే కొద్ది రోజుల్లో పాలు మళ్లీ శుభ్రపడతాయి, కాబట్టి ఆలస్యం చేయకండి.

నూనె ఆడించినప్పుడు విషంలో ఎక్కువ భాగం చెక్కలోనే మిగులుతుంది. అయినా కొంత నూనెలోకి వస్తుంది. ఫ్యాక్టరీలో రిఫైన్ చేసేటప్పుడు అదీ పోతుంది కానీ గానుగ నూనెకు ఆ శుద్ధి లేదు. కాబట్టి గానుగకు ఏరిన మంచి గింజలే పంపండి.

ఏరడం శ్రమే, టెన్షన్ పెట్టే పనే. కానీ విషం అన్ని గింజల్లో సమానంగా ఉండదు, కొద్ది గింజల్లోనే చాలా ఎక్కువగా ఉంటుంది. ముడతలు పడ్డవి, రంగు మారినవి, పురుగు తొలిచినవి, పగిలినవి తీసేస్తే చాలా భాగం బయటికి పోతుంది. మన దేశంలో నేరుగా తినే గింజలకు కిలోకు 10 మైక్రోగ్రాములే పరిమితి. అంటే వంద కోట్ల పాళ్లకు పది పాళ్లు. యూరప్‌లో అది 4. కంటికి బాగున్న బస్తా కూడా పరీక్షలో తప్పేది ఇందుకే. ఏరేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి. తీసేసినవి దిబ్బలో వేయకండి, కోళ్లకు చల్లకండి, కాల్చేయండి.

ఇది ఎలా వచ్చిందో మీ ప్రశ్నలోనే ఉంది. చివరి నెలలో బెట్ట తగిలితే గింజ తనను తాను కాపాడుకునే శక్తి కోల్పోతుంది, వేడెక్కిన నేలలో శిలీంధ్రం లోపలికి దూరుతుంది. చెదలు, వేరుపురుగు చేసిన రంధ్రాలు దానికి దారులు. తర్వాత తడి కుప్ప మిగతా పని చేసింది. బోరో సేద్యపు కుంటో ఉంటే వచ్చే పంటకు ఆ చివరి నెలలో ఒక్క తడైనా ఇవ్వండి. పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేస్తే కాయ డొల్ల గట్టిపడుతుంది. పెరికాక చెట్లను కాయలు పైకి వచ్చేలా తిరగేసి ఆరబెట్టండి. కాయ ఊపితే గింజ గలగలమనాలి. తేమ 8 శాతం దాటకూడదు. గోతాలు చెక్క బల్లల మీద, గోడకు ఎడంగా పెట్టండి. ఇంకొక మాట: మిషనులో గింజ పగలకూడదని వలిచే ముందు కాయ మీద నీళ్లు చల్లుతుంటారు. దయచేసి ఆ అలవాటు మానండి. ఆరిన కాయకు బూజు మళ్లీ పట్టేది అక్కడే.

ఈ కుప్పలోని కాయ విత్తనానికి వద్దు. బూజు గింజ నాటితే మొలకే కుళ్లిపోవచ్చు. మొలిచినా పక్కవేర్లు రాక, ఆకులు చిన్నవై మొక్క గిడసబారుతుంది. వేరే మంచి విత్తనం తెచ్చుకుని, కిలోకు 1 గ్రాము టెబుకోనజోల్ 2 డి.ఎస్. (పొడి మందు) లేదా 3 గ్రాముల మాంకోజెబ్ అనే శిలీంధ్రనాశిని పట్టించి విత్తండి.