వీసాకు ముందు నాన్నగారికి చెప్పవలసిన మాట

హోచిమిన్ సిటీలో ఉద్యోగం చేస్తున్న ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. సొంతూరు భీమవరం దగ్గర పల్లె. ఏడాదిన్నర క్రితం వియత్నాం అమ్మాయిని పెళ్లి చేసుకుని, అక్కడి చట్టం ప్రకారం రిజిస్టరు చేయించుకున్నారు. పది నెలల పాప ఉంది. ఈ సంగతి తల్లికి తెలుసు, తండ్రికి తెలియదు. చెల్లెలి పెళ్లి అయ్యేదాకా బయటపెట్టవద్దని తల్లి మాట తీసుకున్నారట. ఇప్పుడు ఉద్యోగం హైదరాబాదుకు మారుతోంది. భార్యాబిడ్డలను పర్యాటక వీసా మీద తెచ్చి, తెలిసినవాళ్లతో స్నేహితురాలని చెప్పి, చెల్లెలి పెళ్లయ్యాక వీసా మార్పించుకోవచ్చా అని అడుగుతున్నారు.

మార్పించుకునే దారి ఉంది, మీరు అనుకున్న పద్ధతిలో మాత్రం లేదు. పర్యాటక వీసా చుట్టపుచూపుకూ విహారానికీ ఇచ్చేదే తప్ప కాపురానికి ఇచ్చేది కాదు. భారతీయుణ్ణి పెళ్లాడిన విదేశీయురాలికి ఎంట్రీ వీసా ఉంటుంది, దాన్నే ఎక్స్ వీసా అంటారు. ఇక్కడికి వచ్చాక పర్యాటక వీసాను అందులోకి మార్చమని అడిగితే, వివాహ ధ్రువపత్రంతో పాటు మీరిద్దరూ ఒకే ఇంట్లో భార్యాభర్తలుగా ఉంటున్నారా లేదా అన్నది విచారించి నివేదిక రాస్తారు. అపార్టుమెంటులో స్నేహితురాలని చెప్పుకున్న మనిషిని విచారణకు వచ్చిన అధికారి ముందు భార్య అని ఎలా చెబుతారు? అందువల్ల అక్కడి భారత కాన్సులేట్ ద్వారా ఎంట్రీ వీసాకే దరఖాస్తు చేయండి. ఆ వీసా గడువు 180 రోజులకు మించి ఉంటే, వచ్చిన 14 రోజులలోగా విదేశీయుల నమోదు కార్యాలయమైన ఎఫ్ఆర్ఆర్ఓలో ఆమె పేరు నమోదు చేయించాలి. రిజిస్టరైన పెళ్లికి రెండేళ్లు నిండాక, అంటే ఇంకో ఆరు నెలలకు, విదేశీ పౌరురాలిగా ఉంటూనే మన దేశంలో ఎంతకాలమైనా ఉండనిచ్చే ఓసీఐ కార్డుకు ఆమెకు అర్హత వస్తుంది.

వీసా సంగతి అంతే. పాప సంగతి మీరు ఒక్క వాక్యంలో తేల్చేశారు గానీ, గడువు ఉన్నది అక్కడే. మన దేశం వెలుపల భారతీయ తండ్రికి పుట్టిన బిడ్డకు 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం పౌరసత్వం దక్కాలంటే, పుట్టిన ఏడాదిలోగా భారత కాన్సులేట్‌లో జననం నమోదు కావాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. బిడ్డకు మరో దేశపు పాస్‌పోర్టు లేదని తల్లిదండ్రులు రాసి ఇవ్వాలి. పాపకు ఇంకా వియత్నాం పాస్‌పోర్టు తీయలేదని రాశారు కనుక ఆ దారి తెరిచే ఉంది. తల్లి దేశపు పాస్‌పోర్టే ఉండాలనుకుంటే మీ బిడ్డగా ఓసీఐకి అర్హురాలవుతుంది. రెండింటిలో ఏది అన్నది మీ భార్యతో కూర్చుని తేల్చుకోవలసిన విషయం. ఆమెను అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. మీ ఇబ్బంది అంతా మీ అమ్మగారికీ మీకూ మధ్య కుదిరిన ఒప్పందంలో ఉంది. నాన్నగారి కోపానికీ రక్తపోటుకూ భయపడి ఆమె ఆ మాట తీసుకున్నారు, ఆమె భయం నాకు అర్థమవుతుంది. అయితే భర్త దగ్గర కొడుకు కాపురాన్నే దాచి, మనుమరాలి ఫొటోలు ఫోనులో ఒంటరిగా చూసుకునే స్థితిలోకి ఆమెను నెట్టింది మీ పిరికితనమేనని నేను గట్టిగా నమ్ముతున్నాను. అమ్మ వద్దన్నదని చెప్పుకుంటూ మీ బాధ్యతను ఆమె నెత్తిన పెట్టారు. పెళ్లినాడు మీ తరఫున పెద్దలెవరూ రాలేదేమని అత్తవారు అడిగితే, వీసా దొరకలేదని చెప్పానని మీరే రాశారు. అక్కడ వీసాను సాకు చేశారు, ఇక్కడా దాన్నే అడ్డం పెట్టుకోవాలని చూస్తున్నారు. ఈ రెండు ఇళ్ల మధ్యా తన ఉనికి దాచుకుని బతకవలసిన మనిషి మీ భార్య. భాష తెలియని ఊళ్లో, చంకన పసిబిడ్డతో, పక్కింటివాళ్లకు తానెవరో చెప్పుకోలేని బతుకు ఆమెకు ఎందుకు? అలా ఉండడానికి ఒప్పుకుందని రాశారు. ఒప్పుకున్నంత మాత్రాన అలా అడిగే హక్కు మీకు రాదు.

చెల్లెలి పెళ్లి చెడిపోతుందన్న బెంగ నిజమైనదే, మన ఇళ్లలో అది చిన్న మాట కాదు. అయితే నిశ్చితార్థానికి ముందే తెలిసి వెనక్కి తగ్గే సంబంధం వల్ల ఆ అమ్మాయికి కలిగే నష్టం కొంతే. పెళ్లయ్యాక వియ్యాలవారికి బయటినుంచి తెలిస్తే, మోసం చేశారన్న మాట జీవితాంతం ఆమే పడాలి. అసలు ఆమెకు ఈ సంగతి తెలుసా? తెలియకపోతే నాన్నగారి తరువాత చెప్పవలసింది ఆమెకే.

ఫోనులో చెప్పవద్దు, మేనమామల చేత చెప్పించవద్దు. సెలవు పెట్టి ఒక్కరే ఊరికి వెళ్లండి. అమ్మగారికి ముందురోజే చెప్పి, మర్నాడు ఆమె ఎదుటే నాన్నగారితో మాట్లాడండి; దాచమన్నది అమ్మ అని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అనకండి, అది మీ నిర్ణయమేనని చెప్పండి. ఆయన కేకలేయవచ్చు, నెలల తరబడి మాట్లాడకపోవచ్చు. ఆయన ఒప్పుకునేదాకా కాన్సులేట్ పనులు ఆపకండి. పాపకు ఏడాది నిండడానికి ఇంకా రెండు నెలల వ్యవధి ఉంది. భారత పౌరసత్వమే కావాలని మీరిద్దరూ అనుకుంటే ఆ లోగా జననం నమోదు కావాలి కనుక, ఈ నెలలోనే టిక్కెట్టు తీసుకోండి.