వానకాలం పెరట్లో పిట్టల ఫొటోలు: మేనల్లుడికి అత్త ఉత్తరం

నాన్నా,

నువ్వు పంపిన పిగిలిపిట్ట ఫొటోలన్నీ చూశాను. జామకొమ్మ మీద ఎంత దగ్గరగా దొరికిందిరా! కానీ ఒక్కదాంట్లోనూ కన్ను స్పష్టంగా లేదు. మబ్బు రోజుల కోసం పెద్ద లెన్సు కొననా అని అడిగావు. ఇప్పుడే వద్దు.

నీ ఫొటోల వివరాలు తీసి చూస్తే ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంత స్పందించాలో చెప్పే అంకె) 800, షట్టర్ స్పీడు 1/60, అంటే సెకనులో అరవయ్యో వంతు, అని ఉంది. అంతసేపు షట్టర్ తెరిచి ఉంటే పిట్ట కాస్త కదిలినా ఫొటో చెదిరిపోతుంది. ఐఎస్ఓ పెంచితే గ్రెయిన్, అదే ఇసక చల్లినట్టుండే చుక్కలు, వస్తుందని భయపడ్డావు కదూ? మా ఫిల్ము రోజుల్లో ఐఎస్ఓ 400 రోలు వేస్తే 36 ఫొటోలూ దాంతోనే తీయాలి, మబ్బు పట్టిందంటే కెమెరా లోపల పెట్టేయడమే. నీకు ఆ ఇబ్బంది లేదు. ఐఎస్ఓ 3200 పెట్టు. అదే వెలుతురులో 1/60 కాస్తా 1/250 దగ్గరికి వస్తుంది. చాలకపోతే 6400కి వెళ్లు. గ్రెయిన్‌ని కంప్యూటర్లో చాలావరకు తగ్గించుకోవచ్చు. చెదిరిన ఈకని ఎవరూ తిరిగి తేలేరు. అలాగని ఐఎస్ఓ తక్కువ పెట్టి, చీకటిగా తీసి, తర్వాత వెలుతురు పెంచుదామనుకోకు. నీడల్లో గ్రెయిన్ ఇంకా వికారంగా బయటపడుతుంది. రా ఫైల్లోనే (కెమెరా పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) తియ్యి.

లెన్సులో వణుకుని ఆపే ఏర్పాటు ఉందన్నావు. అది ఆపేది నీ చేతి వణుకుని. పిట్ట తల తిప్పితే దానికేం తెలుస్తుంది? అందుకే పిట్టని చూడటం నేర్చుకో. పిగిలిపిట్ట వాలగానే కుదురుగా ఉండదు. తోక ఆడిస్తుంది, అటూ ఇటూ చూస్తుంది, ముక్కు కొమ్మకేసి రుద్దుకుంటుంది. ఆ తర్వాత ఒక్క క్షణం అలా ఆగిపోతుంది చూడు, అప్పుడు నొక్కాలి. నాలుగు రోజులు కెమెరా లేకుండా వంటింటి కిటికీలోంచి చూస్తే ఆ ఆగడం ఎప్పుడొస్తుందో నీకే తెలిసిపోతుంది. మందారాల్లో తిరిగే తేనెపిట్ట జోలికి మాత్రం మబ్బు రోజున వెళ్లకు, దాన్ని ఎండ పొద్దుకి వదిలెయ్.

నిలబడేటప్పుడు భుజం గుమ్మానికి ఆనించు. ఎడమ అరచేయి లెన్సు కింద, మోచేతులు పక్కటెముకలకి. ఫోకస్ చుక్క కంటి మీద పెట్టి, ఊపిరి సగం వదిలి, మెత్తగా నొక్కి, అయిదారు ఫొటోలు వరసగా తియ్యి. మొదటిదాంట్లో వేలు నొక్కిన కుదుపు ఉంటుంది, మధ్యవి బాగా వస్తాయి.

ఇంకోటి. నీళ్ల మూకుడు అరటిచెట్ల నీడలో ఎందుకు పెట్టావు? రోజుకి కాస్త చొప్పున నూతిగట్టు వైపు, పైన ఆకాశం కనబడే చోటికి జరుపు. పక్కనే ఒక ఎండుకొమ్మ పాతు. పిట్టలు ముందు దాని మీద వాలి, చుట్టూ చూసుకుని, అప్పుడు నీళ్లకి దిగుతాయి. వెనక తెల్లటి మబ్బు కాకుండా ఆకులుండేలా చూసుకో, లేకపోతే పిట్ట నల్లగా వస్తుంది. ఏసీ గదిలోంచి కెమెరా తెచ్చి వెంటనే తీయకు. లెన్సు మీద ఆవిరి పడుతుంది, అది పోయేదాకా ఆగు.

కరివేపాకు చెట్టులో గూడుందని రాశావు. అక్కడికి వెళ్లకు నాన్నా. చాలా ఏళ్ల కిందట నేనూ వెలుతురు కోసమని ఒక గూడుకి అడ్డున్న కొమ్మని పక్కకి కట్టాను. మర్నాటికి గుడ్లు లేవు, గూడు చుట్టూ కాకులు. ఆ కొమ్మే గుడ్లకి చాటని అప్పుడు తెలియలేదు. ఆ ఫొటో ఇప్పటికీ ఎవరికీ చూపించలేదు. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆ వైపు ఫ్లాష్ వేయకు, తమ్ముణ్నీ వెళ్లనివ్వకు.

మూకుడు జరిపాక తీసిన ఫొటోలు పంపు, చెదిరినవి కూడా.

మీ అత్త