మూడో గుమ్మం ఎక్కాలా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. తాగుడు మానాలని ఇద్దరు కౌన్సెలర్ల దగ్గరికి వెళ్లాను. మొదటాయన ప్రతిసారీ తిట్టేవారు. రెండో ఆవిడ మంచిగానే మాట్లాడారు, కానీ మందు సంగతి తప్ప అన్నీ అడిగారు. ఇంకొకరిని వెతుక్కునే ఓపిక లేదు. లోపం నాదేనా?

జవాబు: కాదండీ. మా అన్నయ్య నాలుగో థెరపిస్టు దగ్గర కుదురుకున్నాడు. ఆవిడ మొదటిరోజే అడిగిన ప్రశ్న: "సాయంత్రం ఏ గంటకి మనసు లాగుతుంది?" అంతవరకూ ఎవరూ అడగలేదట!

తిట్టి మాన్పించడం చికిత్స కాదు. మానడానికి మీకున్న కారణాలను మీ నోటితోనే చెప్పించే పద్ధతిని అమెరికా సైకాలజిస్టు విలియం మిల్లర్ 1983లోనే వివరించారు. దాన్ని మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ అంటారు. అందులో శిక్షణ ఉందా అని అడగండి. "నేను మళ్లీ తాగితే ఏం చేస్తారు?" అని కూడా తప్పకుండా అడగండి. "ఇక నా దగ్గరికి రావద్దు" అంటే లేచి వచ్చేయండి. "ఆ రోజే ఫోన్ చెయ్యండి, ఎక్కడ జారారో కలిసి చూద్దాం" అనేవారు మీకు కావాలి.

నాల్ట్రెక్సోన్ లాంటి మాత్రలు తహతహను తగ్గిస్తాయి. మాత్రలెందుకు, మనోబలం చాలు అనేవారిని నేనైతే నమ్మను.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. రోజూ ఎక్కువగా తాగుతుంటే మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపకండి. వణుకుతో మొదలై ఫిట్స్ దాకా, ప్రాణం మీదికి కూడా రావచ్చు. ముందు డాక్టరును కలవండి, థెరపిస్టు వెతుకులాట ఆ తర్వాత.