సమాధానం: పని మీది, కమిషన్ సీనియర్‌ది అయితే

ఆఫీసు లీజింగ్‌లో సైట్ విజిట్లు, పేపర్లు అన్నీ మీరే చూసుకుంటున్నా క్లయింటుతో మాట్లాడేదీ, కమిషన్ అందుకునేదీ సీనియరేనని రాశారు.

డీల్ ముగిశాక వాటా అడిగితే రాదండీ, అప్పటికి మీతో అవసరం తీరిపోయి ఉంటుంది. ప్రపోజల్ వెళ్లకముందే ఎవరికెంత శాతమో ఈమెయిల్‌లో రాయించుకోండి. ప్రతి డీల్‌కూ షీటులో ఒక వరుస రాయండి: విస్తీర్ణం, అద్దె, లాకిన్ (అద్దెదారు ఖాళీ చేయకూడని కాలం), రెంట్ ఫ్రీ నెలలు, క్లయింటును తెచ్చిందెవరు. ప్రమోషన్ అడిగేటప్పుడు పనికొచ్చేది ఆ చివరి గడే.

లెక్కలు నోటికి రావాలి. ఏడాది నికర ఆదాయం 80 లక్షలు, క్యాప్ రేటు (భవనం విలువలో ఆ ఆదాయం ఎంత శాతమో) 8 శాతమైతే భవనం విలువ 10 కోట్లు. రేటు 9 అయితే సుమారు 8.9 కోట్లే.

సీనియర్ మొండికేస్తే, 12–18 నెలల్లో లీజు ముగిసే అద్దెదారుల జాబితా తీసి ఆ రెన్యూవల్స్ మీ పేరున అడగండి. కొత్త డీల్స్ మోజులో వాటికి పోటీ తక్కువ.